మా ఊరి తోలుబొమ్మలాట చూడటానికి పర్యాటకులు రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. మీది మార్కాపురం దగ్గర, శ్రీశైలం రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉన్న ఊరు. ఊళ్లో నాలుగు తోలుబొమ్మలాట కుటుంబాలు మిగిలాయి. ఆట ఆడి రెండేళ్లు దాటింది. వాళ్ల పిల్లలు ఒంగోలుకు, హైదరాబాద్‌కు పనులకు పోతున్నారు. మీరు కొందరు కుర్రాళ్లు కలిసి టూరిజం ద్వారా వాళ్లకు ఒక దారి చూపిద్దామనుకుంటున్నారు. ఒకరేమో యునెస్కో గుర్తింపుకు ప్రయత్నించమన్నారు, ఇంకొకరు ఏటా మూడు రోజుల ఉత్సవం పెట్టమన్నారు. ఏది ముందు చెయ్యాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే ఆ రెండూ ఇప్పుడు వద్దు. శ్రీశైలం దారిలో ఎలాగూ వస్తున్న జనంలోంచి నెలకు రెండు మూడు చిన్న గుంపులను ఆ కుటుంబాల వాకిట్లోకి తీసుకురండి. ఒక్కో గుంపులో పది పన్నెండు మందికి మించొద్దు. ఒక గంట బొమ్మ తయారీ చూడటం, గంటన్నర ఆట, ఆ తర్వాత భోజనం. కళాకారుల డబ్బు ముందే చేతిలో పెట్టాలి. వచ్చిన డబ్బులోంచి కొంత పక్కన పెట్టి, మీ ఊరివాళ్ల కోసమే రాత్రంతా సాగే పూర్తి ఆటను మళ్లీ కట్టించండి. ఈ చివరి మాటను దయచేసి వదిలేయొద్దు. నేను వదిలేశాను, దానివల్ల జరిగిన నష్టం కూడా చూశాను.

నేను హిందూపురంలో ఉంటాను. పదిహేడేళ్లుగా లేపాక్షి చూడటానికి వచ్చేవాళ్లను చుట్టుపక్కల చేతిపని ఊళ్లకు తీసుకెళ్లడమే నా పని. ధర్మవరం మగ్గాలు, నిమ్మలకుంట తోలుబొమ్మలు, మా జిల్లాలోనే ఇంకో చిన్న ఊళ్లో ఒక బొమ్మలాట జట్టు, వీళ్లందరితో తిరిగాను. ఇక్కడ ఎక్కువగా చెప్పేది ఆ చిన్న జట్టు గురించే. వాళ్లను అడక్కుండా ఊరి పేరు రాయడం బాగుండదు, అందుకే రాయడం లేదు.

మొదట్లో నేను చేసిన పని ఇది. బస్సులో వచ్చేవాళ్లకు టైం ఉండదు కాబట్టి ఆటను ఇరవై నిమిషాలకు కుదించమన్నాను. అన్నిటికన్నా కంటికి నిండుగా ఉండేది లంకాదహనం. తెర నిండా హనుమంతుడు, తోకకు మంట, రాక్షసుల పరుగులు. భాష రాకపోయినా అర్థమవుతుంది. జనం చప్పట్లు కొట్టారు, డబ్బులూ వచ్చాయి. అలా రెండేళ్లు, చూసినవాళ్లందరికీ అదే లంకాదహనం. ఒక రోజు ఆట అయ్యాక, ఆ జట్టు పెద్దాయన తెర మడుస్తూ నాతో అన్నాడు: "సార్, మా నాయన పది రాత్రులు రామాయణం ఆడేవాడు. మా పిల్లోడికి ఇప్పుడు తోకకు నిప్పు పెట్టడం ఒక్కటే వచ్చు." ఆయన కోపంతో అన్లేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కళను నిలబెడుతున్నానని అనుకుంటూ, ఇరవై నిమిషాలు మిగిల్చి మిగతాదంతా మరిచిపోయేలా చేస్తున్నాను.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. పర్యాటకులకు గంటన్నర ఆట. నెలకో కథ: ఒక నెల కీచక వధ, ఒక నెల మైరావణ చరిత్ర, ఒక నెల పద్మవ్యూహం. ఏ కథ అన్నది వాళ్ల ఇష్టం. రెండు నెలలకోసారి ఊరి గుడి ముందు తెల్లవార్లూ పూర్తి ఆట, టికెట్ లేకుండా, ఊరివాళ్ల కోసం. దాని ఖర్చు పర్యాటకుల డబ్బులోంచే. మొదటి రాత్రి నలభై మంది వచ్చుంటారు, అందులో సగం ముసలివాళ్లు. మూడోసారికి చాపలు సరిపోలేదు. పద్యం తప్పు చదివితే ముందు వరసలోంచి ఒక అవ్వ సరిదిద్దింది. పర్యాటకుడు ఆ పని చెయ్యలేడు. తప్పు పట్టగలిగే ప్రేక్షకులు ఉన్నంత కాలమే ఆడేవాడు జాగ్రత్తగా నేర్చుకుంటాడు. యునెస్కో 2003 ఒప్పందం ఇలాంటి వారసత్వాన్ని చెప్పేటప్పుడు, ఆ సమాజం తరతరాలుగా అందించుకుంటూ, ఎప్పటికప్పుడు మళ్లీ సృష్టించుకుంటూ వచ్చేదని చెప్తుంది. నాకైతే ఆ మాట అర్థమైంది ఆ అవ్వను చూశాకే.

చూడటానికి వచ్చేవాళ్లకు నిజంగా నచ్చేది ఏమిటి అంటే, చాలామంది అనుకున్నట్టు తెర ముందు కనిపించేది కాదు, తెర వెనక జరిగేది. ఒకసారి బెంగళూరు నుంచి ఒక బడి పిల్లలు నలభై మంది వచ్చారు. పదిహేను నిమిషాలకే గోల మొదలైంది. టీచర్లకు టెన్షన్. జట్టులోని ఒకామె తెర పక్క నుంచి తల బయటికి పెట్టి, "అయిదుగురు అయిదుగురు చొప్పున ఇటు రండ్రా" అని పిలిచింది. లోపల వాళ్లు చూసింది ఇది: ఆమె సీతకు గొంతు ఇస్తోంది, రెండు చేతులతో బొమ్మ బద్దలు పట్టుకుంది, కాలి కింద ఉన్న చెక్క పలకను మడమతో టకటకా తొక్కుతోంది, ఆ చప్పుడే అవతల తెర మీద రథం పరుగు. పక్కన ఆమె భర్త హార్మోనియం మెట్ల మీద వేళ్లు ఆడిస్తూనే రావణుడికి మాట అందిస్తున్నాడు. బొమ్మను తెరకు ఆనిస్తే రంగులు గాజు ముక్కల్లా మెరుస్తాయి, ఒక జానెడు వెనక్కి లాగితే మసకబారి పెద్దదవుతుంది. ఒక పిల్లాడికి హనుమంతుడి బొమ్మ చేతికిచ్చారు. వాడి కళ్లు ఇప్పటికీ నాకు గుర్తే. ఆ రోజు బస్సు రెండు గంటలు ఆలస్యంగా బయల్దేరింది.

కాబట్టి స్టేజీ, లైట్లు, మైకు సెట్టు అని డబ్బు తగలేయకండి. వాకిట్లో నాలుగు గుంజలు, తెల్ల పంచె తెర, వెనక బల్బు చాలు. పాతకాలంలో ఆముదం దీపాలు వాడేవాళ్లు. ఆ వెలుగు వణుకుతుంది కాబట్టి బొమ్మకు ప్రాణమున్నట్టు ఉంటుంది. ఒక పది నిమిషాలైనా బల్బు ఆర్పేసి దీపంతో ఆడమని అడగండి. అయితే దీపం తెరకు దూరంగా ఉండాలి, పక్కన నీళ్ల బకెట్ ఉండాలి. కథను ముందే అయిదు నిమిషాల్లో చెప్పేయండి. మధ్యలో ఆపి వివరించొద్దు, ఆట తెగిపోతుంది.

బొమ్మ తయారీ కూడా అంతే. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఎండబెడితే పల్చగా, వెలుతురు దాటేలా అవుతుంది. దాని మీద గీత గీసి, ఉలితో చిన్న చిన్న చిల్లులు కొట్టి నగలు, అంచులు తెప్పిస్తారు. తెర మీద నగ మెరిసినట్టు కనిపించేది ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుతురే. వచ్చినవాళ్ల చేత ఒక చిన్న ముక్క మీద పది చిల్లులు కొట్టించండి. పదకొండోది కొట్టే లోపల, అంతవరకు బొమ్మకు వెయ్యి రూపాయలు ఎక్కువ అన్న మనిషి బేరం మానేస్తాడు. ఇది నేను చాలాసార్లు చూశాను.

ఇక మీ ఊరికి ఉన్న అదృష్టం గురించి. పర్యాటకుణ్ణి కొత్తగా పుట్టించలేం, దారిన పోయేవాణ్ణి ఆపగలం. ఒడిశాలో రఘురాజ్‌పూర్ అనే చిత్రకారుల ఊరు పూరీకి దగ్గర్లో ఉంది. ఇంటింటా పటచిత్రాలు గీస్తారు, మగపిల్లలు చేసే గోటిపువా నాట్యం నేర్పుతారు. జగన్నాథుడి దర్శనానికి వచ్చిన జనమే అక్కడికి మళ్లుతారు. మా వైపు లేపాక్షి లేకపోతే నా పనీ లేదు. గుడి కప్పు మీద వేసిన విజయనగర కాలపు చిత్రాలు చూపించి, ఆ పక్కకు తిరిగిన ముఖాలు, పెద్ద కళ్లు, చీర అంచులు గుర్తుపెట్టుకోమంటాను. మధ్యాహ్నం తోలుబొమ్మల ముందు కూర్చున్నాక, నేను చెప్పకుండానే ఆ పోలిక వాళ్లకే కనపడుతుంది.

మీకు శ్రీశైలం ఉంది. పైగా ఒక వెసులుబాటు కూడా ఉంది. దోర్నాల దాటాక నల్లమల పులుల అభయారణ్యం కాబట్టి రాత్రిపూట ఘాట్ రోడ్డు గేట్లు మూసేస్తారు. సాయంత్రం ఆలస్యమైనవాళ్లు మార్కాపురంలోనో దోర్నాలలోనో ఆగిపోతారు. ఆ రాత్రి వాళ్లకు చెయ్యడానికి ఏమీ ఉండదు. తోలుబొమ్మలాట చీకటి పడ్డాక ఆడేది. ఇంతకన్నా కలిసొచ్చేది ఏముంటుంది? అక్కడి లాడ్జీల వాళ్లతో, హోటళ్ల వాళ్లతో మాట్లాడండి. నెలలో రెండు మూడు రాత్రులు ఖాయం చేయండి, శనివారాలు అనుకుందాం. మనుషులు వచ్చినా రాకపోయినా ఆ రోజు ఆట ఉంటుందన్న నమ్మకం కుదరడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాది ఓపిక పట్టాలి. మార్కాపురం పలకల పని కూడా చూపించగలిగితే పగలు ఒక పూట అటే గడుస్తుంది.

ఇప్పుడు యునెస్కో. దాని మీద ఆశ పెట్టుకోవద్దని ఎందుకంటున్నానంటే, యునెస్కో వారసత్వ జాబితాకు పేరు పంపేది ఊరు కాదు, దేశం. సంగీత నాటక అకాడమీ లాంటి సంస్థల ద్వారా వెళ్లాలి, ఏళ్లు పడుతుంది. పైగా ఆ జాబితా పర్యాటకులను తెచ్చిపెట్టే యంత్రం కాదు. కేరళ సంస్కృత నాటక కళ కూటియాట్టానికి 2001లోనే యునెస్కో గుర్తింపు వచ్చింది, అయినా ఇప్పటికీ కొద్దిమంది కూర్చుని చూసే కళే అది. మన పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. సంతోషమే. కానీ పోచంపల్లి నిలబడింది పర్యాటకుల మీద కాదు, ఇక్కత్ చీర కొనేవాళ్ల మీద. మగ్గం ముందే బతికుంది, పర్యాటకం దానికి తోడైంది. మీ ఊళ్లో ఆట ఆగి రెండేళ్లయింది. ముందు ఆట నడవాలి.

డబ్బు సంగతి విడమరిచి చెప్తాను, ఎందుకంటే గొడవలన్నీ ఇక్కడే వస్తాయి. మా దగ్గర పన్నెండు మంది గుంపుకు మనిషికి 600 రూపాయలు, మొత్తం 7,200. అందులో అయిదుగురు ఆటగాళ్లకు తలా 800 చొప్పున 4,000. వంట చేసిన ఆడవాళ్లకు సరుకులతో కలిపి 1,500. తీసుకొచ్చి వివరించిన మనిషికి 1,000. మిగిలిన 700 ఊరి ఆట నిధికి. ఆ నిధే పూర్తి రాత్రి ఆటకు ఖర్చవుతుంది. ఈ లెక్కను కాగితం మీద రాసి ఆడే చోట గోడకు అంటించాం. వచ్చినవాళ్లు చదువుతారు, బేరం ఆడరు. ఆటగాళ్లకూ అనుమానం ఉండదు. ఆడవాళ్ల వాటా ఆడవాళ్ల ఖాతాలోకే వెళ్లాలి. తెర వెనక సగం ఆట వాళ్లదే, ఇంటి పెద్ద చేతిలో మొత్తం పెట్టేస్తే వాళ్లకు అందేది తక్కువ.

అడ్వాన్స్ లేకుండా ఎవరికీ ఆడొద్దు. ఒక ఈవెంట్ల కంపెనీ మా జట్టును వేరే ఊరికి తీసుకెళ్లి మూడు రాత్రులు ఆడించింది. ఏడు నెలల తర్వాత ఒప్పుకున్నదాంట్లో సగం ఇచ్చింది. ఆ ఏడు నెలలూ వాళ్లు అప్పు చేసి తిన్నారు. మాట కుదిర్చింది నేనే కాబట్టి మిగతా సగం నేను సర్దాను. ఆ రోజు నుంచి సగం ముందు, మిగతా సగం ఆట మొదలవకముందు.

బొమ్మల అమ్మకం గురించి కొంచెం జాగ్రత్త. నిమ్మలకుంటలో దీపాల గూళ్లు (ల్యాంప్ షేడ్లు), గోడకు తగిలించే బొమ్మలు చేసి చాలా కుటుంబాలు గౌరవంగా బతుకుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మీ కుటుంబాలను ఒకసారి అక్కడికి తీసుకెళ్లి చూపించండి, వెయ్యి మాటలు చెప్పేకన్నా మేలు. కానీ దీపపు గూడు ఆట కన్నా తేలిగ్గా డబ్బు తెస్తుంది. పిల్లలు ఉలి పట్టడం నేర్చుకుంటారు, పద్యం నేర్చుకోరు. నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే, ఆట చూడనివాళ్లకు మా దగ్గర బొమ్మ అమ్మం. ఇది అన్ని చోట్లా కుదరకపోవచ్చు, మీ కుటుంబాలతో మాట్లాడి తేల్చుకోండి.

ఇంకో సంగతి చాలా ముఖ్యం. మీ ఊరి పెట్టెల్లో తాతల నాటి బొమ్మలు ఉంటాయి. వాటికోసం కొనుగోలుదార్లు వస్తారు, మంచి రేటు చెప్తారు. పాత బొమ్మలు అమ్మనివ్వకండి. పూర్వం దేవతల బొమ్మలకు జింక తోలు వాడేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అలాంటి తోలు అమ్మడం నేరం. తెలియక అమ్మిన పేదవాడే చిక్కుల్లో పడతాడు. నూరేళ్లు దాటిన వస్తువును దేశం దాటించడానికి కూడా చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి అలా ఉంచి, కొత్త బొమ్మ గియ్యాలంటే పాత బొమ్మే కొలత. అది పోతే నేర్పడానికి ఏమీ మిగలదు. మొదటి నెలలోనే ప్రతి బొమ్మకూ ఫొటో తీసి, ఏ కథలో ఏ పాత్రో వాళ్ల మాటల్లోనే రాసి, ఒక కాపీ వాళ్లకే ఇవ్వండి.

ఏది చూపించాలి, ఏది చూపించకూడదు అన్నది వాళ్లు చెప్పాలి. మీరు ఊరి కుర్రాళ్లు, మంచి మనసుతోనే వచ్చారు, కానీ ఆ కళ మీది కాదు. మొదటి రోజు ప్లాన్లు, ఫొటోలు పక్కన పెట్టి వాళ్ల ఇంట్లో కూర్చుని వినండి. కొన్ని కుటుంబాల్లో దేవుడి బొమ్మలనూ రాక్షసుల బొమ్మలనూ ఒకే కట్టలో పెట్టరు. ఆటకు ముందు చేసే పూజను వీడియో తీయడం కొందరికి నచ్చదు. వాన కోసం ఊళ్లు విరాటపర్వం ఆడించుకునేవి. అది మొక్కు, దాన్ని పర్యాటకుల వీలును బట్టి పెట్టమని అడగడం తప్పు. నలుగురితో ఒక చిన్న కమిటీ వేసుకోండి, అందులో ముగ్గురు ఆ కుటుంబాలవాళ్లే ఉండాలి, కనీసం ఒకరు ఆడమనిషి. వాళ్లు వద్దంటే వద్దు.

ఆట మధ్యలో వచ్చే హాస్య పాత్రలు బంగారక్క, జుట్టుపోలిగాడి గురించి కూడా చెప్పాలి. వాళ్ల మాటల్లో మోటు సరసం ఉంటుంది. "ఫ్యామిలీస్ వస్తారు కదా, అవి తీసేయండి" అని చెప్పేవాళ్లు మీకు తప్పకుండా ఎదురవుతారు. తీసేయమని మీరు చెప్పకండి. ముందు ఎవరు కూర్చున్నారో చూసి మాట మార్చుకోవడం ఆ ఆటగాళ్లకు తెలుసు. పిల్లలుంటే బంగారక్క బియ్యం ధర గురించి తిడుతుంది, ఊరి పెద్దలుంటే పంచాయతీ నీళ్ల గురించి తిడుతుంది. అప్పటికప్పుడు అల్లే ఆ తెలివి ఈ కళలో సగం.

చిన్నవిగా కనిపించినా మనుషులు మళ్లీ రాకుండా చేసే విషయాలు కొన్ని: శుభ్రమైన మరుగుదొడ్డి, ముఖ్యంగా ఆడవాళ్లకు, తలుపు గడియ పడేది. తాగే నీళ్లు. బస్సు వెనక్కి తిరిగే జాగా. నా అనుభవంలో మొదటి ఏడాది వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ మరుగుదొడ్డి గురించే, ఆట గురించి ఒక్కటీ లేదు. ఉన్న నాలుగు డబ్బులూ ముందు దానికే పెట్టండి. మార్చి వచ్చాక మీ వైపు ఎండకు ఎవరూ రారు, నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకే లెక్క వేసుకోండి. పత్తి, మిర్చి కోతల రోజుల్లో కూలీ ఎక్కువ దొరుకుతుంది. ఆ వారాల్లో ఆట పెట్టి వాళ్ల కూలీ పోగొట్టకండి, లేదా కూలీకి తగ్గకుండా ఇవ్వండి.

ఉత్సవం సంగతి. కొత్త పేరు పెట్టి కొత్త తేదీ వెయ్యనక్కర్లేదు, మీకు శివరాత్రి ఉంది. శివాలయం ముందు జాగారం రాత్రి తోలుబొమ్మలాట ఆడటం పాత ఆనవాయితీ. ఆ రోజుల్లో నల్లమల మీదుగా శ్రీశైలం నడిచివెళ్లే భక్తులు కొందరు మీ దారుల్లోనూ ఉంటారు. రెండేళ్లు వాకిట్లో ఆట సాగాక, ఆ రాత్రికి మీ ఊరి గుడి ముందు తెర కట్టండి. ఆ రాత్రి టికెట్ వద్దు. వచ్చిన పర్యాటకులు ఊరివాళ్ల వెనక కూర్చుని చూస్తారు.

మీకు ధర లెక్క, మొదటి మూడు నెలల పని పట్టిక నేను వేసి ఇవ్వగలను. దానికి నాకు కావాల్సింది ఇది: నాలుగు కుటుంబాల్లో ఇప్పటికీ పాడగలిగినవాళ్లు ఎందరు, వాళ్ల వయసులు, ఎవరికి ఏ కథ పూర్తిగా వచ్చు, ఆడగలిగే స్థితిలో ఉన్న బొమ్మలు ఎన్ని, హార్మోనియం పనిచేస్తోందా. ముఖ్యంగా పాడేవాళ్ల వయసు. అందరూ అరవై దాటినవాళ్లే అయితే పర్యాటకుల సంగతి ఆర్నెల్లు ఆపి, ముందు ఇద్దరు పిల్లలకు నెల నెలా ఎంతో కొంత ఇచ్చి పద్యాలు నేర్పించే ఏర్పాటు చూద్దాం. వాళ్లతో కూర్చుని మాట్లాడి వచ్చి రాయండి.